దుఃఖమధ్యమునందలి సంతోషము

కష్టసుఖములు కావడికుండలని మన పెద్దలు చెప్పుదురు. ఒక కుండ దిగినప్పుడు మఱియొకటి లేచును. నేడు దుఃఖించువాడు రేపు సుఖించును. కావున ఓర్చుకొనవలయునని దీని భావము. ఈ మాట సత్యమే గాని క్రైస్తవ గ్రంథములు చెప్పుమాట యిది గాదు. దుఃఖము గడచిన పిమ్మట సంతోషము వచ్చునని మాత్రమే యవి చెప్పవు. దుఃఖము దుఃఖముగా నుండగనే, కన్నీరు తుడువబడక మునుపే, ఆ హృదయమునందే సంతోషమును నిలువగలదని యవి చెప్పుచున్నవి. కొరింథు సంఘమునకు వ్రాసిన రెండవ లేఖ ఆఱవ యధ్యాయమున పౌలు తన స్థితిని వర్ణించుచు, ఈ రెండును ఏకకాలమున తనయందున్నవని చెప్పుకొనియున్నాడు.

విద్యావంతుడగు పాఠకుడు దీనిని వినగానే అతనికి రెండు సందేహములు పుట్టును. ఇది ఆత్మవంచన కాదా యనునది మొదటిది. నొచ్చినవాడు నొప్పి లేదని చెప్పుకొన్నంతమాత్రమున నొప్పి పోదు గదా. రెండవ సందేహము మఱింత బరువైనది. దుఃఖమునందు సంతోషింపుమని బోధించుట బాధితుని నోరు మూయించుట కాదా? మన దేశమున బాలవితంతువును మూల గూర్చుండబెట్టి, ఇది నీ కర్మమని, ఓర్చుకొనుటయే నీ ధర్మమని చెప్పినవారును శాంతివచనములనే పలికిరి. ఆ శాంతివచనముల నీడను అన్యాయము తరతరములు బ్రతికినది. క్రైస్తవుల సంతోషోపదేశమును ఆ జాతిదే యగునేని, సంస్కారప్రియులు దానిని గౌరవింప నక్కఱలేదు. కావున ఆ బోధను దాని మూలగ్రంథములయందును, దానిని నమ్మి జీవించినవారి చరిత్రలయందును పరీక్షింప దలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఒక రాత్రి, ఒక యుదయము

మాసిదోనియా దేశమున ఫిలిప్పీయను పట్టణముండెను. అలెగ్జాండరు తండ్రియగు ఫిలిప్పు పేరిట వెలసిన యా పట్టణము తరువాత రోమనుల వలసనగరమైనది. అపొస్తలుల కార్యములను గ్రంథము పదునాఱవ యధ్యాయమున అచ్చట జరిగిన యొక వృత్తాంతము గలదు. అది సుమారు క్రీస్తుశకము 50వ సంవత్సరమునాటిది.

ఆ యూర సోదె చెప్పునట్టి యొక దాసి యుండెను. ఆమె పలుకులవలన ఆమె యజమానులకు మిక్కిలి లాభము వచ్చుచుండెను. పౌలు ఆమెను పట్టియున్న యావేశమును వదలింపగా, లాభము పోయినదని యజమానులు కోపించి, అతనిని అతని సహచరుడగు సీలను పట్టుకొని న్యాయాధిపతులయెదుటికి ఈడ్చిరి. తమ లాభము పోయినదని మాత్రము వారు చెప్పలేదు. వీరు యూదులనియు, అన్యాచారములను ప్రకటించి పట్టణమును గలవరపెట్టుచున్నారనియు నేరము మోపిరి. ధనలోభము ఆచారరక్షణవేషమున న్యాయస్థానమునకు వచ్చుట మనకు క్రొత్త గాదు. న్యాయాధిపతులు విచారణ చేయకయే వారిని బెత్తములతో కొట్టించి, లోపలి చెఱసాలలో వేయించిరి. చెఱసాల నాయకుడు వారి కాళ్లకు బొండ బిగించెను.

అర్ధరాత్రమున నా యిరువురును ప్రార్థించుచు కీర్తనలు పాడుచుండిరనియు, తక్కిన ఖైదీలు వినుచుండిరనియు గ్రంథము చెప్పుచున్నది. అంతలో భూకంపము గలిగి తలుపులు తెఱచుకొన్నవి. ఖైదీలు పాఱిపోయిరని తలచి చెఱసాల నాయకుడు తన్ను తాను పొడుచుకొనబోగా, పౌలు బిగ్గఱగా పిలిచి యతనిని వారించెను. అతడు ఆ రాత్రియే వారి గాయములు కడిగి, తన యింట భోజనము పెట్టి, ఇంటివారందఱితో గూడ సంతోషించెను.

ఈ వృత్తాంతమును చదువువారనేకులు పాటకడనే ఆగిపోవుదురు. న్యాయవాదవృత్తియందున్న మాకు మఱునాటి యుదయము మఱింత విలువైనదిగా దోచుచున్నది. తెల్లవాఱగానే న్యాయాధిపతులు బంట్రోతులను బంపి, ఆ మనుష్యులను విడిచిపెట్టుమని యాజ్ఞాపించిరి. రాత్రి యంతయు పాడినవాడు సంతోషముతో లేచి వెడలిపోవలసినది. కాని పౌలు కదలలేదు. తాము రోమా పౌరులమనియు, విచారణ లేక తమ్ము బహిరంగముగా కొట్టించి యిప్పుడు రహస్యముగా వెళ్లగొట్టుట కూడదనియు, ఆజ్ఞ యిచ్చినవారే స్వయముగా వచ్చి తమ్ము వెలుపలికి గొనిపోవలయుననియు చెప్పి పంపెను. పౌరుని విచారణ లేక కొట్టుట రోమనుల శాసనములచే నిషిద్ధము. న్యాయాధిపతులు భయపడి, తామే వచ్చి బ్రతిమాలుకొని వారిని వెలుపలికి దెచ్చిరి.

ఇందుండి రెండు సంగతులు తేటపడుచున్నవి. పాట పాడినందున గాయములు మాయము కాలేదు. వానిని ఒకడు నీళ్లతో కడుగవలసివచ్చెను. పాట పాడినందున హక్కు రద్దు కాలేదు. తెల్లవాఱగానే పాడిన నోటనే న్యాయము నడిగెను. కావున సంతోషము అన్యాయమునకు సమ్మతి యనువారు ఆ రాత్రిని చదివి ఆ యుదయమును చదువనివారని మా యభిప్రాయము.

చెఱసాలనుండి వచ్చిన లేఖ

కొన్ని సంవత్సరముల పిమ్మట పౌలు మఱల చెఱలోనుండి ఆ ఫిలిప్పీవారికే యొక లేఖ వ్రాసెను. అది రోమాపురమునుండి 60, 62 సంవత్సరముల నడుమ వ్రాయబడినదని పూర్వులు చెప్పుదురు. ఎఫెసునుండియో కైసరయనుండియో వ్రాయబడినదని కొందఱు పండితులు తలచుచున్నారు. నాలుగే యధ్యాయములుగల యా చిన్నలేఖలో సంతోషమును, సంతోషించుటను దెలుపు గ్రీకుపదములు సుమారు 16 మాఱులు వచ్చుచున్నవి. మరణదండన పడునో విడుదల యగునో తెలియని ఖైదీ వ్రాసిన లేఖ యిది యని పఠితలు మఱువరాదు.

అయినను ఆ లేఖలో దుఃఖము దాచిపెట్టబడలేదు. ఎపఫ్రొదితు అనునతడు ఫిలిప్పీవారి కానుకను దెచ్చి, పౌలునకు పరిచర్య చేయుచు, వ్యాధిచే చావునకు సిద్ధమయ్యెను. అతడు చనిపోయియుండినయెడల తనకు దుఃఖముమీద దుఃఖము గలిగియుండెడిదనియు, దేవుడు కనికరించెననియు పౌలు స్పష్టముగా ఒప్పుకొన్నాడు. మఱియొకచోట కొందఱి నడవడినిగూర్చి యేడ్చుచు వ్రాయుచున్నానని చెప్పినాడు. యువొదియ, సుంటుకే యను నిద్దఱు స్త్రీల మనస్సులు కలియకుండుటకు నొచ్చుకొని, పేరు పెట్టి బ్రతిమాలుకొన్నాడు. మిత్రుని మరణమునకు చలింపనివాడును, సంఘకలహమునకు నొచ్చుకొననివాడును వ్రాసిన లేఖ కాదిది.

అటులైన నా సంతోష మెచ్చటనుండి వచ్చినది? లేఖయే మూడు మూలములను జూపుచున్నది. మొదటిది కృతజ్ఞత. చింతలను దేవునితో చెప్పుకొనవలయుననియు, ఆ విన్నపమును కృతజ్ఞతతో గూడ చేయవలయుననియు నాలుగవ యధ్యాయము బోధించుచున్నది. చింత లేదని నటింపుమని అది చెప్పుట లేదు. రెండవది సహవాసము. తన కష్టమున ఫిలిప్పీవారు పాలుపంచుకొన్నందుకు పౌలు మెచ్చుకొన్నాడు. కానుక పరిమాణమునకు గాక, దానిని దెచ్చిన ప్రేమకు సంతోషించినాడు. మూడవది, అన్నిటికి మూలమైనది, రెండవ యధ్యాయమున గలదు. క్రీస్తు ఘనతను విడిచి దాసుని రూపము దాల్చి, సిలువమరణము వఱకు తగ్గించుకొనెనని యచ్చట చెప్పబడినది. క్రీస్తు విషయమై పఠితల విశ్వాస మేదైనను, క్రైస్తవభక్తుని హృదయమును గ్రహింపగోరువారు దీనిని గ్రహింపవలయును. దుఃఖము దేవుని సన్నిధికి వెలుపలిదని యతడు తలపడు. తాను దిగిన లోయలోనికి దేవుడు తనకంటె ముందే దిగియున్నాడని యతని విశ్వాసము. కావున దుఃఖము వచ్చినప్పుడు దేవుడు తన్ను విడిచెనని తలచుటకు మాఱుగా, అచ్చటనే దేవుని వెదకును, దొరకినప్పుడు సంతోషించును.

ఇంకొక మాటయు గమనింపదగినది. ఏ స్థితియందున్నను ఆ స్థితియందు తృప్తి గలిగియుండుటను తాను నేర్చుకొంటినని పౌలు చెప్పినాడు. నేర్చుకొన్నది సహజగుణము గాదు. ఒక్కనాట వచ్చినదియు గాదు. దెబ్బలు, ఆకలి, ఓడపగులుట, చెఱ యను పాఠశాలలందు చాలకాలము చదివినవాడు పలికిన మాట యది. అట్టి విద్యను క్రొత్తగా దుఃఖమునబడినవాడు మొదటినాడే అప్పగింపలేదని నిందించుట న్యాయము గాదు.

ఇది శిలాహృదయము గాదు

పౌలునాటి రోమాపురమున సెనెకా యను తత్త్వవేత్త యుండెను. అతని యన్నయగు గల్లియోను అకయ దేశాధిపతిగా నున్నప్పుడు పౌలుమీద వచ్చిన అభియోగమును విచారణకు దీసికొనక త్రోసివేసెనని అపొస్తలుల కార్యముల గ్రంథమున గలదు. సెనెకా యనుసరించిన స్తోయికుల మతమున జ్ఞాని దుఃఖమునకు లోబడనివాడు. వికారము లేకుండుటయే వాని కీర్తి. మన గీతలోని స్థితప్రజ్ఞుడును దుఃఖములయందు కలతనొందని మనస్సు గలవాడు, సుఖములయందు స్పృహ లేనివాడు. ఇవి యుదాత్తములైన ఆదర్శములు. వీనిని తక్కువపఱచుట మా యుద్దేశము గాదు. కాని క్రైస్తవమార్గము వీనితో నొకటి గాదని మాత్రము తెలిసికొనవలయును.

లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచెను. కొలది నిమిషములలో అతనిని లేపబోవుచున్నానని యెఱిగియు నేడ్చెనని యోహాను సువార్త చదువువారికి స్పష్టము. గెత్సేమనే తోటలో ఆయన తన ప్రాణము మరణమగునంతగా దుఃఖించుచున్నదని శిష్యులతో చెప్పి, వారిని తనతో మేలుకొనియుండుమని వేడుకొనెను. యూదులును క్రైస్తవులును ప్రార్థనాగ్రంథముగా వాడుకొను 150 కీర్తనలలో సుమారు మూడవవంతు మొఱలును విలాపములునై యున్నవి. అందు 88వ కీర్తన చీకటి యను మాటతోనే ముగియుచున్నది. దానికి వెలుగు నతికించి ముగింపవలయునని గ్రంథసంగ్రాహకులు తలపలేదు. అట్టి కీర్తనను పూజలో పాడుకొను మతము దుఃఖమునకు సిగ్గుపడు మతము కాదు.

కాబట్టి మొదటి సందేహమునకు సమాధానము దొరకినది. ఇచ్చట చెప్పబడిన సంతోషము నొప్పి లేదను నటన గాదు. దుఃఖము ప్రేమవలన గలుగుచున్నది, ప్రేమించనివాడు దుఃఖింపడు. సంతోషమును ఆ ప్రేమవలననే గలుగుచున్నది. రెండింటికిని ఊట యొక్కటి యైనప్పుడు, ఒకదానిని పూడ్చి మఱియొకదానిని పాఱించుట సాధ్యము గాదు.

మేము చేసిన యొక తప్పు

ఈ సత్యమును మేము గ్రంథములవలనగాక మా తప్పువలన నేర్చుకొంటిమి. కొంతకాలముక్రిందట మాతోడి న్యాయవాదియు క్రైస్తవుడునగు నొక మిత్రునకు పండ్రెండేండ్ల కొమార్తె జ్వరముచే మరణించెను. మూడవనాడు మేము వారి యింటికి బోయి, అప్పటికి చదివియున్న గ్రంథములన్నిటిని జ్ఞాపకము చేసికొని, బిడ్డ దేవునియొద్ద నున్నది గనుక విశ్వాసి దుఃఖింపరాదనియు, సంతోషించుటయే తగుననియు చాలసేపు చెప్పితిమి. ఆయన మర్యాదగా విని, మేము లేచునప్పుడు మెల్లగా నిట్లనిరి: "అయ్యా, తాము వాదించిన విషయము సత్యమే కావచ్చును. కాని ఈ వ్యవహారములో దానిని చెప్పు నధికారము నాది, తమది గాదు. తాము వచ్చి కూర్చుండినందుకు మాత్రము కృతజ్ఞుడను."

మేము సిగ్గుతో నింటికి వచ్చితిమి. యోబు కథలో అతని స్నేహితులు ఏడు దినములు ఏడు రాత్రులు నేలమీద అతనితో నిశ్శబ్దముగా గూర్చుండిరి. అంతవఱకు వారు మంచి స్నేహితులే. నోరు తెఱచి కారణములు చెప్ప మొదలిడినప్పుడే వారు చెడిరి. మేము ఆ యేడు దినముల మౌనమును విడిచి, నేరుగా వారి వాదములలోనికి దూకితిమి.

మఱుసటి సంవత్సరము ఆ బిడ్డ పుట్టినదినమున ఆ మిత్రుడు మమ్ము పిలిపించెను. వీథిలోని బీదబాలికలు పదిమంది యచ్చట గూడియుండిరి. తన కొమార్తె పుస్తకములను వారికి పంచిపెట్టుచు ఆయన కన్నీరు గార్చెను; ఒక చిన్నపిల్ల పుస్తకమును తలక్రిందుగా బట్టుకొని చదువుచున్నట్లు నటింపగా నవ్వెను. కన్నీరు ఆరలేదు, నవ్వు ఆగలేదు. ఆ దినమున మేము ఏమియు చెప్పలేదు. చెప్పవలసినదియు లేకపోయెను.

పండిత రమాబాయి

మన దేశచరిత్రలో ఈ సంగతికి పండిత రమాబాయి జీవితమును మించిన నిదర్శనము అరుదు. ఆమె 1858లో జన్మించెను. తండ్రియగు అనంతశాస్త్రి లోకనింద నెదిరించి భార్యకును కొమార్తెకును సంస్కృతము నేర్పిన పండితుడు. యాత్రలయందే జీవించిన యా కుటుంబమును 1874 ప్రాంతమున కఱవు పట్టుకొన్నది. తండ్రి, తల్లి, అక్క కొలది నెలలలో మరణించిరి. మిగిలిన యన్నతో ఆమె కాలినడకను దేశమంతయు దిరిగి 1878లో కలకత్తా చేరెను. అచ్చటి పండితులు ఆమె విద్యను పరీక్షించి బిరుదములిచ్చిరి. కేశవచంద్రసేనుడు ఆమెను వేదములు చదువుమని ప్రోత్సహించెను. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె విపినబిహారి మేధావి యను వంగన్యాయవాదిని కులభేదము పాటింపక వివాహమాడెను. 1882లో అతడును విషూచిచే మరణించెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే ఒక పసిబిడ్డతో ఆమె వితంతువయ్యెను.

ఆమె 1883లో ఇంగ్లండునకు బోయి యచ్చట క్రైస్తవమతమును స్వీకరించెను. తిరిగివచ్చి 1889లో బొంబాయిలో వితంతువులకొఱకు శారదాసదనమును స్థాపించెను. 1896, 1897 సంవత్సరముల కఱవులో మధ్యపరగణాలకు బోయి, దిక్కులేని స్త్రీలను బాలికలను వందలకొలది తీసికొనివచ్చెను. వారికొఱకు పూనాకు సమీపమున కేడగామునందు వెలసిన యాశ్రమమునకు ముక్తి యని పేరు పెట్టెను. అచ్చట స్త్రీలు నేతపని, వ్యవసాయము, ముద్రణము నేర్చుకొనిరి. అంధులకు చదువు నేర్పబడెను. 1921లో, తన పనికి కుడిభుజముగా నుండిన కొమార్తె మనోరమ తల్లికంటె ముందే మరణించెను. మఱుసటి సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన రమాబాయియు గతించెను. బైబిలును మరాఠీలోనికి తెచ్చు పనిలో ఆమె తుదివఱకు నిమగ్నురాలై యుండెను.

కఱవులో తల్లిదండ్రులను బోగొట్టుకొన్న బాలిక కఱవుబాధితులకు తల్లి యగుట యాదృచ్ఛికము గాదు. తన దుఃఖమును మఱచియుండిన నామె యా పని చేసియుండదు. దానియందే మునిగియుండినను చేసియుండదు. కఱవు కర్మఫలమని ఆమె యెవ్వరికిని ఉపదేశింపలేదు. గింజలు పెట్టెను, పని నేర్పెను, చదువు చెప్పెను. తనకు దొరకిన సంతోషమును ఇతరుల దుఃఖమును మూయు మూతగా గాక, ఆ దుఃఖమును తొలగించు బలముగా వాడుకొనెను. రెండవ సందేహమునకు ఇదియే సమాధానము.

శూన్యమును పూడ్చకుండుట

జర్మనీదేశపు క్రైస్తవబోధకుడగు డీట్రిఖ్ బోన్‌హోఫర్ హిట్లరు ప్రభుత్వము నెదిరించినందున 1943 ఏప్రిలు 5వ తేదీన చెఱపట్టబడి, బెర్లినులోని తేగెల్ కారాగారమున నుంచబడెను. 1945 ఏప్రిలు 9వ తేదీన ఫ్లోసెన్‌బుర్గులో ఉరితీయబడెను. అప్పటి కాయనకు 39 సంవత్సరములు. వివాహము నిశ్చయమైయుండెను గాని జరుగలేదు. 1943 క్రిస్మసుపండుగకు ముందునాడు చెఱనుండి తన మిత్రునకు వ్రాసిన లేఖలో ఆయన వియోగమునుగూర్చి చెప్పినది మిగుల నాలోచింపదగినది. ప్రియుల యెడబాటువలన గలిగిన వెలితిని దేవుడు నింపునని చెప్పుట తప్పనియు, దేవుడు దానిని నింపక వెలితిగానే యుంచి, నొప్పితోనైనను వారితోడి సంబంధమును నిలుపుననియు, కృతజ్ఞత జ్ఞాపకముల బాధను మౌనమైన యానందముగా మార్చుననియు దాని సారాంశము. మా మిత్రుని యింట ఆ దినమున మేము చూచినది ఇదియేయని తరువాత దీనిని చదివినప్పుడు గ్రహించితిమి.

పాఠసారము

మొదటిది: ఈ సంతోషమును ఎవరికివారు వెదకుకొనవలసినదే గాని, ఒకరు మఱియొకరికి విధింపరాదు. రోమీయులకు వ్రాసిన లేఖలో పౌలు ఏడ్చువారితో నేడువవలయునని బోధించెను గాని, ఏడ్చువారిని నవ్వుమని గద్దింపలేదు.

రెండవది: తొలగింపదగిన దుఃఖమును తొలగింపక సంతోషమును బోధించుట కాపట్యము. ఆకలిగొన్నవానికి అన్నము, అన్యాయము పొందినవానికి న్యాయము, వితంతువునకు విద్యయు స్వాతంత్ర్యమును ముందు; ఉపదేశము, వారడిగినయెడల, తరువాత.

మూడవది: తొలగింపరాని దుఃఖము గలదు. మరణమును ఏ శాసనమును రద్దు చేయలేదు. అట్టిదానియెదుట కృతజ్ఞత, సహవాసము, భగవత్సన్నిధి యను మూడింటిని విడువక యుండుటయే అభ్యాసము. అభ్యాసము గనుక ఆలస్యమగును. ఆలస్యమైనందున నెవ్వరును నిరాశ చెందరాదు.

సమాజములలో ఈ పాఠమును చదువువారు ఈ క్రింది ప్రశ్నలను విచారింతురుగాక. మనము ఓదార్పని పలికిన మాటలలో ఎన్ని నిజముగా మన యసౌకర్యమును తీర్చుకొనుటకు పలికినవి? మన యూర ఎవరి దుఃఖము కర్మమను పేరిట విచారణ లేక కొట్టివేయబడుచున్నది? మన సొంతదుఃఖములలో దేనిని మనము పూడ్చివేసితిమి, దేనిని ఇతరులకు మేలుగా మార్చుకొంటిమి?

ఫిలిప్పీ చెఱసాలలో తక్కిన ఖైదీలు వినుచుండిరని గ్రంథము చెప్పినది. వారి పేర్లు మనకు తెలియవు. వారి నేరములును తెలియవు. తమవలెనే బొండలో బిగింపబడినవాని గొంతునుండి వచ్చిన పాట గనుక వారు వినిరి. వెలుపల నిలిచినవాడు అదే పాటను కిటికీలోనుండి పాడియున్నయెడల వినియుందురో లేదో. దుఃఖితులయొద్దకు పోవునప్పుడు మనమెచ్చట నిలిచి పలుకుచున్నామో చూచుకొనునట్టి వివేకమును, పలుకదగని చోట మౌనముగా గూర్చుండునట్టి వినయమును సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.